సంబంధం అన్న గడి

సారు పోయిన సంగతి ఫోన్లో తెలిసింది. చెప్పింది ఆయన దగ్గర కంప్యూటర్ నెట్‌వర్కింగ్ నేర్చుకున్న కేతేపల్లి అబ్బాయి. ఇప్పుడు హైదరాబాద్‌లో మంచి ఉద్యోగంలో ఉన్నాడు. "అన్నా, సారు పోయిండు" అన్నాడు. ఎప్పుడు, ఎక్కడ, ఎట్లా అని వరుసగా అడిగాను. విలేకరికి ఆ ప్రశ్నలు ముందు నోటికొస్తాయి, మిగతావి తర్వాత. పొద్దున ఏడున్నరకు, జడ్చర్లలో తన క్లాసు గదికి వెళ్లే మెట్ల మీద కూర్చుండిపోయాడట. తాళంచెవి చేతిలోనే ఉందట. కింద విత్తనాల దుకాణం వాళ్లు అలసిపోయి కూర్చున్నాడనుకున్నారు. ఆటోలో దవాఖానకు తీసుకుపోయేసరికే ప్రాణం లేదు.

వయసెంత అని కూడా అడిగాను. "నన్నడుగుతరేందన్నా? దినాం ఆయనతోని కూసోని పల్లీలు తిన్నది మీరు" అన్నాడు. నిజమే. పదేళ్లకు పైగా ఇద్దరం ఒకే మెట్లు ఎక్కి దిగాం. ఆయన వయసు నేనెన్నడూ అడగలేదు.

మధ్యాహ్నానికల్లా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపు నిండిపోయింది. దేవుడన్నారు, దీపమన్నారు, మహానుభావుడన్నారు. వాళ్ల దుఃఖాన్ని నేను శంకించను. కానీ బతికుండగా ఎవరైనా తనను దేవుడంటే ఆయన "ముందు వైరు సూడు" అని ఉండేవాడు. అది ఆయన మాట. ఇంటర్నెట్ రావడం లేదని ఎవరు వచ్చినా సెట్టింగులు ముట్టుకోనిచ్చేవాడు కాదు. వైరు గట్టిగా దిగిందా, ఎలుక కొరికిందా, ఎవడైనా కుర్చీ కాలు దాని మీద పెట్టాడా, ముందు అది చూడాలి. మాటలు తర్వాత. కాబట్టి నేనూ వైరు దగ్గరే మొదలుపెడతాను.

ఆయనది హాలియా వైపు. టెలిఫోన్ కేబుళ్లకు అతుకులు వేసే పనిలో కాంట్రాక్టు మీద చేరాడు. రోడ్డు పక్క గుంతలో మోకాళ్ల మీద కూర్చుని, వందల తీగల్లో ఏ రంగుకు ఏ రంగు కలపాలో చూసుకుంటూ పదిహేనేళ్లు గడిపాడు. సెల్‌ఫోన్లు వచ్చాక ఆ గుంతలు పూడిపోయాయి. ఆయన పాత పుస్తకాలు కొనుక్కుని నెట్‌వర్కింగ్ చదివి, పరీక్ష రాసి, సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. తెలంగాణ వచ్చిన కొత్తలో జడ్చర్లలో విత్తనాల దుకాణం పైన గది తీసుకుని క్లాసులు పెట్టాడు. పక్క గది మా పత్రికది. మధ్యలో ఒకటే గోడ. ఇంటర్నెట్ వైరు కూడా ఒకటే, గోడకు ఆయన వేసిన రంధ్రంలోంచి మా వైపు వచ్చేది.

ఆ సర్టిఫికెట్‌ను అద్దం కట్టించి గోడకు పెట్టాడు. అలాంటి సర్టిఫికెట్లకు మూడేళ్లే గడువు. మళ్లీ పరీక్ష రాస్తేనే చెల్లుతాయి. ఆయన రెండుసార్లు హైదరాబాద్ వెళ్లి రాసివచ్చాడు. రెండుసార్లూ ఏమైందని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. రెండోసారి వచ్చాక ఎరువుల కంపెనీ క్యాలెండర్ ఒకటి తెచ్చి, గడువు తేదీ కనపడకుండా సర్టిఫికెట్ కింది సగం మీద వేలాడదీశాడు. విద్యార్థులందరికీ ఆ సంగతి తెలుసు. ఏటా క్యాలెండర్ మారేది, స్థలం మారేది కాదు.

పల్లికాయలతో పాఠం చెప్పేవాడు. బల్ల మీద కాయలు పరిచి, ఇది రూటర్, ఇది స్విచ్, ఇది నీ ఇంటి కంప్యూటర్ అనేవాడు. తప్పు చెప్పినవాడు ఆ పూటకు అందరి కాయలూ వలవాలి. తిట్లు కూడా పాఠంలోంచే వచ్చేవి. హబ్ అని ఒక పాత పెట్టె ఉంటుంది. ఒక తీగలో వచ్చిన మాటను మిగతా తీగలన్నింటిలోకీ వదిలేస్తుంది. స్విచ్ అట్లా కాదు, ఎవరి మాట వాళ్లకే చేరుస్తుంది. నోట్లో మాట దాగనివాణ్ని ఆయన "నువ్వు హబ్బువురా" అనేవాడు. నన్నూ వదల్లేదు. "రిపోర్టర్ సాబ్‌ను తిట్టొద్దు పిల్లలూ, హబ్బుగ ఉండుడే ఆయన నౌకరి" అని పరిచయం చేసేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ని.

ఆయన మెత్తని మనిషి కాదు. డిగ్రీ పాసై వచ్చిన పిల్లల్ని మొదటి వారమే ఏడిపించేవాడు. ఒకడిని, అతని తండ్రి పక్కన కూర్చుని ఉండగానే, "వీనికి ఇది రాదు, టైం ఖరాబ్ చెయ్యకుండ్రి" అని పంపించేశాడు. ఆ తండ్రి మెట్లు దిగుతూ మా గది వైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. అంత కటువుగా చెప్పాలా అని అడిగితే, "నేను ఇయాల చెప్పకుంటె, మూడేండ్లయినంక ఎవడో చెప్తడు. గప్పుడు ఇంకింత నొప్పి పుడ్తది" అన్నాడు. ఆయన లెక్కలో నొప్పి తప్పించలేనిది. ముందా వెనకా అన్నదే తేడా.

మొదటి పరీక్ష అందరికీ ఒకటే. సమాచారానికి తొవ్వ వేయడం, తీగ కలపడం. అది పాసయ్యాక ప్రత్యేక దారులు వేరవుతాయి. సెక్యూరిటీ, వైర్‌లెస్, ఆఫీసు ఫోన్ల పని అయిన వాయిస్, పెద్ద కంప్యూటర్ల గోడౌను లాంటి డేటా సెంటర్. ఒక్కోదానికి వేరే చదువు, వేరే పరీక్ష, వేరే ఉద్యోగాలు. ఏ దారి పట్టాలన్నది పిల్లలకు జీవితం మీద నిర్ణయం. తప్పు దారి పడితే రెండేళ్లు పోతాయి, ఆ రెండేళ్లు ఇంట్లో వాళ్లు ఇవ్వగలిగిన ఆఖరి రెండేళ్లు.

అందుకు ఆయనకో పద్ధతి ఉండేది. దారి ఎంచుకునే ముందు పిల్లల్ని ఇద్దరిద్దరిగా ఊళ్లోకి తోలేవాడు, ఒక్కో చోట మూడు రోజులు. వైర్‌లెస్ కోసం మార్కెట్ యార్డంతా ఫోన్ పట్టుకుని తిరిగి సిగ్నల్ ఎక్కడ తగ్గుతుందో కాగితం మీద గీయాలి. వాయిస్ కోసం బస్టాండ్ ఎంక్వయిరీ కిటికీ పక్కన కూర్చుని, జనం ఏం అడుగుతారో, ఏం వినిపించుకోరో రాయాలి. డేటా సెంటర్ కోసం కింద విత్తనాల గోడౌనులో ఏ బస్తా ఎక్కడుందో చూడకుండా చెప్పాలి. సెక్యూరిటీ కోసం ఫ్యాక్టరీ గేటు. గేటు దగ్గర వాచ్‌మన్ పక్కన కూర్చుని, అతను ఎవరిని ఆపుతాడో, ఎవరిని వదులుతాడో, ఏ లెక్కన వదులుతాడో వరుసలుగా రాయాలి. నెట్‌వర్క్‌లోకి ఏది రావాలి, ఏది రాకూడదు అని రూటర్‌కు రాసిచ్చే జాబితా అచ్చం అట్లాగే ఉంటుంది. రూటర్ దాన్ని పైనుంచి కిందికి చదువుతుంది. మొదట ఏ వరుస కుదిరితే అక్కడ ఆగుతుంది. ఏదీ కుదరకపోతే?

"ఏదీ కుదరకుంటె ఆఖర్ల ఇంకో వరుస ఉంటది" అనేవాడు సారు. "అది ఎవ్వలు రాయరు. కండ్లకు కనవడది. అయినా ఉంటది. 'వద్దు' అని. రాయలేదంటె ఊరుకున్నట్టు గాదు, వద్దన్నట్టు. గీ ఒక్క ముక్క యాదుంచుకుంటె సగం సెక్యూరిటీ వచ్చినట్టే."

కేతేపల్లి అబ్బాయి బ్యాచ్‌లో ఒక అమ్మాయి ఉండేది. ఆమెది జడ్చర్లకు ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలోని ఊరు. డిప్లొమా పాసై వచ్చింది. మాట తక్కువ, రాత మంచిది. మొదటి రోజు అందరూ ఇంటి సంగతులు చెప్పుకుంటుంటే, వాళ్ల నాన్న ఒక మందుల ఫ్యాక్టరీలో సెక్యూరిటీ ఆఫీసర్ అని చెప్పింది. మిగతావాళ్ల నాన్నలు సేద్యం, గొర్లు, కూలి. ఆఫీసర్ అన్న మాటకు అందరూ ఆమె వైపు చూశారట.

వాళ్ల నాన్న నాకు తెలుసు. ఆ ఫ్యాక్టరీ నీళ్లు పక్క పొలాల్లోకి వస్తున్నాయని రైతులు చెబితే, ఒకసారి వెళ్లాను. గేటు దగ్గర ఖాకీ చొక్కా వేసుకున్న ఆయన నా చేత రిజిస్టర్‌లో రాయించి, రాసింది చదివి వినిపించి, "గంతేనా సార్?" అని అడిగి, లోపలికి ఫోన్ చేసి, మూడు గంటలు ఎండలో నిలబెట్టాడు. మధ్యలో తన సీసాలోంచి మంచినీళ్లు ఇచ్చాడు. లోపలికి మాత్రం వదల్లేదు. నీళ్లిచ్చావు, వదలవా అంటే, నీళ్లు తనవని, గేటు తనది కాదని అన్నాడు. ముందు గొర్లు కాసేవాడట. మంద అమ్ముకుని ఈ పనిలో చేరాడు. "దొడ్డి కాడ నిలబడి ఒక్కొక్క గొర్రెను లోపటికి తోలినోనికి గేటు కష్టం గాదు" అని చెప్పాడు.

ఒక సాయంత్రం పల్లీలు తింటూ సారు, మన క్లాసులో సెక్యూరిటీ ఆఫీసర్ బిడ్డ ఉందని, ఆమెకు ఆ దారి ఇంట్లోనే ఉందని అన్నాడు. ఏ ఫ్యాక్టరీ అని అడిగాను. చెప్పాడు. "ఆఫీసర్ కాదు, గేటు దగ్గర వాచ్‌మన్" అన్నాను. కాపీలో తప్పు కనబడితే దిద్దినట్టే దిద్దాను. అంతకు మించి ఆలోచించలేదు. సారు చేతిలోని కాయ పగలగొట్టాడు, గింజలు నోట్లో వేసుకున్నాడు.

మరుసటి వారం గేటుకు వెళ్లే జంటల పేర్లు బోర్డు మీద రాశాడు. ఆ అమ్మాయినీ, కేతేపల్లి అబ్బాయినీ ఆ ఫ్యాక్టరీ గేటుకే వేశాడు. ఫ్యాక్టరీ ఆఫీసులో ముందే అనుమతి తీసుకున్నాడు. ఊళ్లో గేట్లు వేరే లేక కాదు. ఆమె వేరే చోటు అడిగింది. "ఏం, గాడ పులి ఉన్నదా?" అన్నాడట.

తర్వాత జరిగినదానికి నేను సాక్షిని కాను. అబ్బాయి చెప్పింది, చాలా రోజులకు వాచ్‌మన్ చెప్పింది, నా కళ్లతో నేను చూసిన రిజిస్టర్ పేజీ, ఈ మూడూ కలిపి రాస్తున్నాను.

పొద్దున తొమ్మిదికి ఇద్దరూ గేటు దగ్గరికి వెళ్లారు. వాచ్‌మన్ స్టూలు మీద నుంచి లేచాడు. బిడ్డను చూశాడు, పక్కన అబ్బాయిని చూశాడు. ఆమె రిజిస్టర్ వైపు చూస్తోంది. ఆయన రిజిస్టర్ తిప్పి వాళ్ల ముందు పెట్టాడు. పేరు, ఊరు, ఎవరి కోసం, సంబంధం, అని నాలుగు గడులు. లోపల పనిచేసేవాళ్ల బంధువులు ఊరికే వచ్చిపోతున్నారని ఆ నాలుగో గడి పెట్టారు. ఆ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లలో మనకు చుట్టాలెవరైనా ఉంటే, ఏమవుతారో అందులో రాయాలి. అబ్బాయి తన వరుస నింపి, నాలుగో గడిలో "లేదు" అని రాశాడు. ఆమె అతని కింద తన పేరు రాసింది, ఊరు రాసింది, మూడో గడి నింపింది. నాలుగో గడిలో రెండు చిన్న గీతలు పెట్టింది. పైనున్నదే ఇక్కడా అని చెప్పే గీతలు.

రాసింది చదివి వినిపించాలన్నది ఆ గేటు నియమం. వాచ్‌మన్ అబ్బాయి వరుస చదివాడు. "సంబంధం, లేదు. గంతేనా?" అబ్బాయి అంతే అన్నాడు. తర్వాత ఆమె వరుస చదివాడు. ఊరు పేరు చదివేటప్పుడు ఆగలేదు. అది ఆయన ఊరు కూడా. నాలుగో గడి దగ్గరికి వచ్చాడు.

"సంబంధం, రెండు గీతలు. పైదే కిందికి. గంతేనా మేడం?"

"గంతే" అంది.

మూడు రోజులూ ఆయన ఆమెను మేడం అనే పిలిచాడు. ఏది అడిగినా చెప్పాడు. అంబులెన్సును ఆపి రాయించకూడదు. యూనిఫాం చూసి వదలకూడదు, మొహం చూసి వదలాలి. తెలిసినవాడనీ వదలకూడదు. డ్యూటీలో ఉన్నవాడు తన కోసం వచ్చినవాళ్లను కలవకూడదు. ఏ మాట తర్వాత ఏ మాట రావాలో, తారుమారైతే ఏ దొంగ ఎట్లా దూరతాడో, జరిగిన సంగతులతో సహా చెప్పాడు. ఆమె రాసుకుంది. మూడో రోజు మధ్యాహ్నం అన్నం డబ్బాలు విప్పారు. ఆయన కాస్త ఎడంగా కూర్చుని తన డబ్బా విప్పుకున్నాడు. రెండింట్లోనూ చింతకాయ పప్పు, పక్కన ఉల్లిగడ్డ తొక్కు.

"నీ డబ్బల కూర, ఆ తాత డబ్బల కూర ఒక్కటే ఉన్నదేందే?" అన్నాడు అబ్బాయి. అతను హేళనకు అనలేదు. ఆమె డబ్బా మూసేసింది. అప్పటికి గానీ అతనికి వెలగలేదు. సాయంత్రానికి క్లాసంతా తెలిసింది. హబ్బులం మేమిద్దరమూ.

ఆమె రాసిన కాగితంలో పదకొండు వరుసలున్నాయి. పైన ఇద్దరి పేర్లూ ఉన్నా రాత ఆమెదే, వరుస ఆమెదే. అంత మంచి కాగితం తనకు ఎవరూ ఇవ్వలేదని సారు నాతో అన్నాడు. ఆ మాట క్లాసులో ఆమెతో చెప్పి ఆగి ఉంటే, ఈ స్మృతి వేరేగా ఉండేది. ఆయన ఆగలేదు. కాగితం పైకెత్తి పట్టుకుని, నీ తొవ్వ సెక్యూరిటీ, ఇంకేమీ ఆలోచించకు అన్నాడు. ఆ తర్వాత, గోడ ఇవతల నాకు వినబడేంత గట్టిగా అన్నాడు.

"మీ నాయిన పదో తరగతి గూడ సదవలే. గీ పాఠం నా కన్న మంచిగ చెప్పిండు. గాయన బిడ్డనని చెప్పుకోనీకి నీకెందుకు సిగ్గు?"

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆమెకు కోపమైనా వచ్చేది. ఎవరికి ఏ దారో పరీక్ష ఫారం నింపే సమయానికి ఆమె లేచి నిలబడి, "నాకు వాయిస్ రాయుండ్రి సార్" అంది. ఆయన రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ అదే మాట. మా వైపు సెక్యూరిటీ అంటే ఒకటే అర్థం, గేటు దగ్గర స్టూలు. నాయినా సెక్యూరిటీయే, బిడ్డా సెక్యూరిటీయే అని ఊళ్లో ఎవరో అప్పటికే అనేశారని తర్వాత తెలిసింది. ఆమెకు ఏది వస్తుందో ఆ గదిలో అందరికీ తెలుసు, ఆమెతో సహా. సారు పెన్ను తీసి వాయిస్ అని రాశాడు. ఆ దారికి రోజులు దగ్గరపడుతున్నాయని అంతకు నెల ముందే నాతో అన్న మనిషి. ఆ మాట ఆమెతో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని అడిగితే, "అడిగితె చెప్పేటోన్ని" అన్నాడు.

ఆ వారమే వాచ్‌మన్ పగటి డ్యూటీ మాని రాత్రి డ్యూటీకి మారాడు. కారణం అడిగాను. పగలు ఎండ తట్టుకోలేకపోతున్నానన్నాడు. అది పుష్య మాసం.

ఆమె వాయిస్ పరీక్ష మంచి మార్కులతో పాసైంది. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో, బల్లల మీద ఫోన్లు అమర్చి వాటి తీగలు చూసుకునే పని దొరికింది. నాలుగేళ్లు చేసింది. ఈలోగా పరీక్షలు పెట్టే కంపెనీ ఆ చిన్న ప్రత్యేక సర్టిఫికెట్లన్నింటినీ ఎత్తేసి ఒకటిగా కలిపింది. కరోనాలో ఆఫీసులు ఇళ్లకు మారాయి, బల్లల మీద ఫోన్లు తీసేశారు. వాటితో పాటు ఆమెనూ తీసేశారు. ఒకసారి బస్సులో కలిసింది. ఇప్పుడేం చేస్తున్నావమ్మా అంటే, "ఫోన్లు పెట్టే పని పోయిందన్నా, ఫోన్లు ఎత్తే పని దొరికింది" అంది. కస్టమర్ల తిట్లు వినే ఉద్యోగం. చెప్పి నవ్వింది కూడా.

కేతేపల్లి అబ్బాయి సెక్యూరిటీ తీసుకున్నాడు. ఆ కాగితం మీద అతని పేరూ ఉంది కదా. అతని తర్వాతి బ్యాచ్‌లు కూడా అదే కాగితంతో చదువుకున్నాయి. పైనున్న పేర్ల మీద తెల్ల కాగితం ముక్క పెట్టి సారు దాన్ని జిరాక్స్ తీయించాడు. ఏ బ్యాచ్ వచ్చినా మొదట అది పంచేవాడు. ఆ పదకొండు వరుసల మీద ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయో నేను లెక్కపెట్టలేదు. ఆమెకు రాలేదన్నది మాత్రం తెలుసు.

బస్సులో ఆమె అన్న మాట సారుకు చెప్పాను. వలిచిన గింజను తినకుండా కాగితం మీద పెట్టేశాడు. "ఆమె ఏం చెప్పిందో గదే రాసిన" అన్నాడు. నెల తర్వాత ఒక రోజు నా గది గుమ్మంలో నిలబడి, బండి తీస్తారా అని అడిగాడు. గేటు దగ్గరికి వెళ్లి వాళ్ల నాన్నతో మాట్లాడాలట. ఆమె ఇప్పటికైనా సెక్యూరిటీ చదివితే తాను ఫీజు లేకుండా నేర్పుతానని, తండ్రి చెబితే వింటుందని. క్షమాపణ అన్న మాట మాత్రం అనలేదు.

అప్పటికి వాచ్‌మన్ మళ్లీ పగటి డ్యూటీలో ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచాడు. రిజిస్టర్ తిప్పి ముందు పెట్టాడు. సారు పేరు రాశాడు, ఊరు రాశాడు. ఎవరి కోసం అన్న చోట వాచ్‌మన్ అని రాశాడు. సంబంధం గడి దగ్గర పెన్ను ఆగింది.

"ఏం రాయాలె?"

"మీకే ఎరుక సారు. ఖాళీ మాత్రం పెట్టొద్దు."

సారు "లేదు" అని రాశాడు. వాచ్‌మన్ చదివి వినిపించాడు. గంతేనా అన్నాడు. సారు గంతే అన్నాడు.

"నా బిడ్డ గూడ గిట్లనే రాసింది" అన్నాడు వాచ్‌మన్. గొంతులో కోపం లేదు. రిజిస్టర్ వెనక్కి తిప్పుకున్నాడు. "నేను డ్యూటీల ఉన్న సారు. డ్యూటీల ఉన్నోడు తన కోసం వచ్చినోల్లను కలవొద్దు. మీకు తెల్వదా, మీ పిల్లలకు మీరే చెప్తరంట గద."

అది కాగితంలో ఏడో వరుస. సారు ఏళ్ల తరబడి ఎన్ని వందల సార్లు చదివి వినిపించి ఉంటాడో. బండెక్కాడు. జడ్చర్ల ఫ్లైఓవర్ దాటాక, నా భుజం మీదుగా, "లిస్టు మంచిగ పనిచేస్తాంది" అన్నాడు. ఆ అమ్మాయి రాసిన పాత రిజిస్టర్ కోసం తర్వాత నేను ఒక్కణ్నే మళ్లీ వెళ్లాను. పాత సంపుటాలు బీరువాలో ఉన్నాయి. ఆ పేజీని వెతకమని ఆయన్ను అడగాల్సిన పని లేకపోయింది. మూల మడిచి ఉంది.

ఆయనకు నేను రుణపడి లేనని చెప్పను. రాసేముందు కాలితో వెళ్లి చూడాలని నాకు పత్రికలో నేర్పారు. కానీ వైరు చూడకుండా మాట్లాడితే ఎట్లా ఉంటుందో చూపించింది ఆయన. ఊళ్లల్లోంచి వచ్చిన పిల్లలు, ఇంగ్లీషు పుస్తకం చూస్తే వెనక్కి జరిగేవాళ్లు, పల్లికాయలు పట్టుకుని నేర్చుకుని పోయారు. వాళ్ల ఇళ్లల్లో ఇవాళ పొయ్యి వెలుగుతున్నదంటే అందులో ఆయన చెయ్యి ఉంది. ఇది వాస్తవం. ఆ గేటు కూడా వాస్తవం. గేటు సంగతిలో నా నోరూ ఉంది. ఆయన ఒక్కడి మీద వేసి తప్పుకోలేను.

పదకొండో దినం నాడు క్లాసు గదిలోనే సంతాప సభ పెట్టారు. ఏర్పాట్లు కేతేపల్లి అబ్బాయివి. మెట్ల పైన ఒక ఫ్లెక్సీ కట్టించాడు. సారు ఫొటో, దాని కింద "సారు చెప్పిన పాఠం" అని పెద్ద అక్షరాలు, ఆ కింద పదకొండు వరుసలు. టైపు చేయించలేదు, కాగితాన్నే పెద్దది చేయించాడు. అంటే ఆమె రాతే. గుమ్మం దగ్గర బల్ల మీద ఒక రిజిస్టర్ పెట్టాడు. పేరు, ఊరు, బ్యాచ్, సంబంధం. ఈ గడులు ఎక్కడివిరా అని అడిగాను. "సారు ఫార్మాటే గదన్నా" అన్నాడు. అతనికి నిజంగానే గుర్తు లేదు. అతను సంతోషంగా ఉన్నవాడు, మంచివాడు కూడా.

నేను రాసే సరికి పేజీ సగం నిండింది. మొదటివాడు సంబంధం గడిలో "శిష్యుడు" అని రాశాడు. ఆ తర్వాత అందరూ రెండేసి గీతలు పెట్టుకుంటూ వచ్చారు.

ఆమె పదకొండు గంటలకు వచ్చింది. నాన్న రాలేదా అని అడిగాను. "కింద ఉన్నడన్నా. మోకాళ్లు. మెట్లెక్కలేడు" అంది. కిందికి తొంగి చూశాను. విత్తనాల దుకాణం వాళ్లు స్టూలు వేసినట్టున్నారు, మెట్ల మొదట్లో కూర్చున్నాడు. మామూలు తెల్ల చొక్కా. ఎవరు మెట్లెక్కబోయినా లేచి పక్కకు జరుగుతున్నాడు.

ఆమె ఫ్లెక్సీ ముందు నిలబడి మొదటి వరుస నుంచి చివరిదాకా చదివింది. తొందర పడలేదు.

"ఎనిమిదో దాంట్ల అక్షరం తప్పువడ్డది" అంది. "అప్పుడు నేనే తప్పు రాసిన. ఇన్నేండ్లల్ల ఎవ్వలు దిద్దలే."

అబ్బాయి మళ్లీ ఫ్లెక్సీ వైపు చూశాడు. ఆమె వంగి రిజిస్టర్‌లో పేరు రాసింది. ఊరు రాసింది. బ్యాచ్ రాసింది. పెన్ను నాలుగో గడి మీదికి వచ్చి కాసేపు నిలిచింది. తర్వాత మూత పెట్టి బల్ల మీద ఉంచింది.

"ఆ గడి మర్చిపోయినవ్" అన్నాడు అబ్బాయి.

"మర్చిపోలే. రాయకుంటె ఏమన్నట్టో సారు చెప్పిండు గద."

లోపలికి వెళ్లి వెనక వరుసలో కూర్చుంది. మాట్లాడినవాళ్లందరి మాటలూ విన్నది. అందరితో పాటు లేచి రెండు నిమిషాలు నిలబడింది. ఫొటో మీద పూలు కూడా వేసింది. అబ్బాయి ఈలోగా పెన్ను తీసుకుని ఆమె గడి తాను నింపబోయాడు. పెన్ను నేను తీసుకున్నాను.

జనం వస్తూనే ఉన్నారు. సభ అయ్యాక మెట్లు దిగే ముందు రిజిస్టర్ మరోసారి చూశాను. ఆమె తర్వాత వచ్చినవాళ్లు ఎవరూ పైకి చూసుకున్నట్టు లేదు. అలవాటు ప్రకారం, సంబంధం అన్న చోట రెండు గీతలు, దాని కింద రెండు గీతలు, ఆ కింద మళ్లీ రెండు. పేజీ చివరిదాకా అట్లాగే, ఆ ఒక్క ఖాళీ గడి కింద.